కంపచెట్టు నీడ

బస్సు ఇంకా నంద్యాల ఊరు దాటలేదు, నలుగురు ఆడవాళ్ళు కనిపించారు. రోడ్డు మధ్య డివైడరు మీద గన్నేరు మొక్కల కింద కూచుని గడ్డి పీకుతున్నారు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా లారీలు పోతున్నాయి. ఒకామె నడుం పట్టేసినట్టుంది, లేచి నిలబడబోయి ఒక అడుగు రోడ్డు మీదికి వేసింది. మా డ్రైవరు హారను కొట్టి బండిని పక్కకు తిప్పాడు. ఆమె తిరిగి కూడా చూడలేదు, మళ్ళీ కూచుని గడ్డి పట్టుకుంది. రోజుకు ఎన్ని వందల హారన్లు వినే చెవులో అవి! నేను ఒళ్ళో ఉన్న సంచిని గట్టిగా పట్టుకున్నాను. అందులో మా నాయన పంపిన రెండు జతల కంటి అద్దాలున్నాయి.

నాయన తోటమాలి. ఒక విద్యాసంస్థ ఆవరణలో ముప్పై ఏళ్ళు లాన్లూ క్రోటన్లూ అశోక చెట్లూ ఆయన చేతి మీదే పెరిగాయి. కొడవలితో గడ్డి కోసినన్నాళ్ళూ వేలు తెగడం తప్ప ఇంకేం కాలేదు. తరువాత గడ్డి కోసే మిషను వచ్చింది. భుజానికి తగిలించుకుని నడుస్తుంటే కొసన నైలాను తీగ నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. గడ్డితో పాటు అడ్డం వచ్చిన కంకరను కూడా వడిసెల రాయిలా విసిరి కొడుతుంది. మిషనుతో పాటు వచ్చిన కంటి అద్దాలు స్టోరు రూములో, అట్టపెట్టెలో అట్లాగే ఉండిపోయాయి. వాటిని తీసి ఆయన చేతికి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు, అడగాలని ఆయనకు తెలియదు. ఒక పొద్దున రాయి వచ్చి ఎడమ కంటికి తగిలింది. చూపు పోయింది. ఆసుపత్రి ఖర్చులో సగం ఇచ్చి, జాగ్రత్తగా చేసుకోవాల్సింది అన్నారు. ఆ మాట నాయనకు ఇప్పటికీ గుర్తే.

పగిడ్యాలలో మా మేనత్త ఉంటుంది. ఉపాధి హామీలో కాలువ గట్ల మీద కంపచెట్లు కొట్టే పనికి పోతోందని తెలిసినప్పటి నుంచి నాయనకు మనసు మనసులో లేదు. "ముల్లు కంట్లో పడితే చెట్టుకేం పోతాది? ఇవి ఇచ్చి రా పాపా" అన్నాడు. 2025 ఏప్రిల్ చివరి వారంలో నేను ఆ బస్సెక్కింది అందుకు.

వెలుగోడు వైపు తిరిగాక కుడి కిటికీ నిండా నల్లమల. ఆకు రాల్చిన కొండలు, మధ్యమధ్య ఎర్రగా బయటపడ్డ బండలు. ఎడమ పక్క కూచున్నవాళ్ళు ఎండకు తువ్వాళ్ళు అడ్డం కట్టుకున్నారు. ఆత్మకూరులో బస్సు మారి, జూపాడుబంగ్లా దగ్గర పోతిరెడ్డిపాడు నీళ్ళు పోయే పెద్ద కాలువ దాటి, నందికొట్కూరులో దిగి ఆటో పట్టుకున్నాను. పగిడ్యాల చేరేసరికి నాలుగు దాటింది. దారి పొడుగునా నల్లరేగడి నెర్రెలు విచ్చుకుని ఉంది. కొన్నిచోట్ల కాలు దిగిపోయేటంత నెర్రెలు.

సాయంత్రం అత్త కొడుకు బండి మీద ముచ్చుమర్రికి తీసుకుపోయాడు. శ్రీశైలం జలాశయం వెనక్కి ఎగదన్నిన నీళ్ళు ఈ మండలం అంచును తాకుతాయి. జలాశయం నిండితే 885 అడుగులు. నీళ్ళు 798 అడుగులకు దిగిపోయినా తోడగలిగేటట్టు ఇక్కడ ఎత్తిపోతల కట్టారు, 2017 జనవరిలో మొదలైంది. 1981లో ఈ నీళ్ళు ఎక్కినప్పుడు రెండు గట్ల మీదా పల్లెలకు పల్లెలు లేచిపోయాయి. పొద్దు గుంకుతుంటే అవతలి గట్టు మసకగా, గీత గీసినట్టు కనిపించింది. "అది పాలమూరు" అన్నాడు పిల్లవాడు. ఆ మాటకు నా మనసులో ఒక ఊరి పేరు మెదిలింది. అప్పుడు పైకి అనలేదు.

రాత్రి జొన్నరొట్టె, ఎర్రకారం పెడుతూ అత్త, "రేపు తెల్లారి ఐదుకే లేయాల, కరువు పనికి పోయేకి" అంది.

కరువు పని! ఉపాధి పనికి చట్టం ఏ పేరు పెట్టినా మా సీమలో దాన్ని పిలిచేది ఇట్లాగే. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఆ పథకం మొదలైంది మా పక్క అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. కానీ కరువు పని అనే మాట అంతకంటే చాలా పాతది. 1876-78 నాటి ధాత కరువులో ఒక్క కర్నూలు జిల్లాలోనే జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. బతికినవాళ్ళు కంకర కొట్టి, మట్టి మోసి, కాలువలు తవ్వి బతికారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మగమనిషి రోజు కూలిని ఒక పౌను గింజలు, ఒక అణాకు తగ్గించాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. ఎండలో రోజంతా మట్టి పని చేసే ఒంటికి అది చాలదని అప్పట్లోనే వైద్యాధికారులు మొత్తుకున్నారు. పనిచేసే మనిషి ఒంటికి ఏం కావాలి అనే ప్రశ్న ఈ గడ్డ మీద అప్పటి నుంచీ ఉంది.

అత్త చేతిలో అద్దాలు పెట్టాను. ఒకసారి పెట్టుకుని చూసి, "అన్న పంపినాడా?" అంది. కాసేపు ఏం మాట్లాడలేదు. కొంగుతో తుడిచి, సద్దిమూట పక్కన పెట్టుకుంది.

తెల్లవారి ఆరుకల్లా ఊరికి దూరంగా కాలువ దగ్గర ఉన్నాం. చెరువుకు నీళ్ళు తెచ్చే పాత కాలువ అది. పూడికతో, కంపతో మూసుకుపోయి ఉంది. నలభై మంది దాకా వచ్చారు, అందులో ముప్పై మందికి పైగా ఆడవాళ్ళే. పనిని చూసుకునే మేటుగా ఉన్నది ఇరవై రెండేళ్ళ అమ్మాయి, డిగ్రీ చదివింది. ఫోన్లో అందరినీ నిలబెట్టి మొదటి ఫోటో తీసింది. నాలుగు గంటలు గడిచాక రెండో ఫోటో. రెండూ పడితేనే ఆ రోజు హాజరు, హాజరుంటేనే కూలి. ఆ ఏడాది మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు, అదీ కొలతలకు తగ్గ పని కనిపిస్తే.

చీరల మీద మొగుళ్ళ పాత ఫుల్ చొక్కాలు, నెత్తికి తువ్వాళ్ళు, కొందరి చేతులకు పాత సాక్సులు. వాళ్ళ రక్షణ దుస్తులు అవే. ఎవరూ ఇచ్చినవి కావు, ముల్లు నేర్పిన చదువు. కంప కొట్టే పద్ధతి దగ్గర నుంచి చూశాను. ఒకామె పంగలకర్రతో కొమ్మను ఎత్తి, మెడ విరిచినట్టు వెనక్కి వంచి పట్టుకుంటుంది. ఇంకొకామె వంగి మొదట్లో మచ్చుకత్తి వేస్తుంది. దెబ్బ పడిన మరుక్షణం పంగలకర్ర పట్టినామె కొమ్మను తన వైపు కాకుండా పక్కకు తోసేయాలి. ఆలస్యమైతే వంగిన కొమ్మ విల్లులాగా తిరిగొచ్చి కొట్టినామె మొహాన్ని కోసేస్తుంది. ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వింటున్నట్టు పనిచేస్తారు, మాటలుండవు. అత్త అద్దాలు పెట్టుకుంది. పది నిమిషాలకే చెమటకు మసక కమ్మింది. తీసి తుడిచింది, మళ్ళీ కమ్మింది. "కనపడకపోతే కత్తి యాడ పడేది తెలీదు గదా పాపా" అని నెత్తి మీదికి ఎత్తుకుంది. కోపం రాలేదు నాకు. చల్లటి గదుల్లో తయారైన జాగ్రత్తలు ఈ ఎండలో ఎట్లా పనిచేస్తాయో వచ్చి చూసినవాళ్ళు తక్కువ. చివరికి ఇనుప జాలీ ఉన్న రకమైతే గాలి ఆడుతుందని, అటువంటివి పంపిస్తానని చెప్పాను.

ఈ చెట్టు కూడా పైనుంచి వచ్చిందే. సర్కారు తుమ్మ, సీమ తుమ్మ, కంపచెట్టు, ఏ పేరుతో పిలిచినా దాని పుట్టిల్లు అమెరికా ఖండం. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా ఉన్న కర్నల్ బెడ్డోమ్ వంటచెరుకు కోసం దీని విత్తనాలు కావాలని 1876లో రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను 1877లో కడప జిల్లా కమలాపురం మైదానాల్లో నాటారు. అంటే ధాత కరువులో మనుషులు రాలిపోతున్న సంవత్సరమే, ఇక్కడికి దక్షిణాన ఉన్న ఆ నేలలో, ఈ చెట్టు కాలు మోపింది. మేకలు కాయలు తిని గింజలు చల్లాయి. ఇప్పుడు అది లేని చెరువు లేదు, శ్మశానం లేదు, రైలు కట్ట లేదు. అప్పటి కరువు పని వాళ్ళ మునిమనవరాళ్ళు ఇప్పటి కరువు పనిలో దాన్ని కొడుతున్నారు.

ఎనిమిదింటికి ఒక పిల్ల పాదంలో ముల్లు దిగింది. రెండంగుళాల ముల్లు హవాయి చెప్పును దాటుకుని మడమలోకి పోయి, లోపలే విరిగింది. అందరూ అవ్వా అని పిలిచే పెద్దామె వచ్చి కూచుంది. టైరు చెప్పులు వేసుకున్నది ఆమె ఒక్కతే. మెడలో తాళికి వేలాడే పిన్నీసు తీసి, చెంగుతో తుడిచి, ముల్లు చుట్టూ తోలు లేపింది. పక్కనున్న జిల్లేడు కొమ్మ తుంచి రెండు చుక్కల పాలు అద్దింది. "సాయంత్రానికి ముల్లు దాన్నంతట అదే పైకి వస్తాది" అంది. తరతరాల నమ్మకం అది, నేను కాదనలేదు. కానీ ఆ చేత్తోనే నుదుటి చెమట తుడుచుకోబోతుంటే పట్టుకుని ఆపాను. జిల్లేడు పాలు కంట్లో పడితే ఒక్కోసారి నొప్పి కూడా ఉండదు, చూపు మాత్రం మసకైపోతుంది. నల్లగుడ్డు పొర వాచిపోతుంది. నాయన కంటి కోసం ఆసుపత్రుల్లో కూచున్న రోజుల్లో ఒక డాక్టరమ్మ చెప్పిన సంగతి ఇది. అవ్వ నా మొహం చూసి, మారుమాట లేకుండా చేతులు కడుక్కుంది. మేటు ప్రథమ చికిత్స పెట్టె తెచ్చింది. అందులో దూది, మందు, పట్టీలు ఉన్నాయి. టీటీ ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నావని ఆ పిల్లను అడిగితే కాన్పప్పుడు అంది. ఆ కొడుకు ఇప్పుడు ఎనిమిదో తరగతి.

పాముల గురించి అడిగితే వాళ్ళు చెప్పిన మాటలతో ఇంకో వ్యాసం రాయవచ్చు. కంప కింద ఎండుటాకుల్లో చిన్నపింజరి ఉంటుందట. కట్టెతో ముందు నేల కొట్టి, తరువాతే చెయ్యి పెడతారు. కరిస్తే కట్టు బిగించి మంత్రగాడి దగ్గరికి పరిగెత్తే రోజులు పోయాయి, "నూటెనిమిదికి ఫోన్ జేస్తాం" అన్నారు అందరూ. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుందనీ, కరిచిన కాలును కదపకుండా పోవడమే ముఖ్యమనీ మేటు అమ్మాయి చక్కగా చెప్పింది. ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది.

తొమ్మిదిన్నరకు ఎండ నెత్తిన దిగింది. వేసవి వార్తల్లో నంద్యాల పేరు ఎందుకు ముందుంటుందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇక్కడ ఎండ నేల నుంచి కూడా వస్తుంది. గాలి ఒంటి కంటే వేడెక్కినప్పుడు ఒంటికి మిగిలే దారి చెమట ఒక్కటే. చెమట పట్టాలంటే నీళ్ళు కావాలి, పట్టిన చెమట ఆరాలంటే కాసేపు పని ఆపి నీడలో ఉండాలి. ఈ రెండూ లేనప్పుడు మనిషి తడబడుతుంది, మాట తేడా వస్తుంది, చెమట ఆగిపోవచ్చు. అప్పటికి ఆలస్యమైనట్టే. పక్కన పనిచేసేవాళ్ళు గుర్తుపట్టాలి, తనకు తానుగా తెలియదు. అవ్వ దీన్ని తన మాటల్లో చెప్పింది: "పలకరిస్తే అడ్డదిడ్డంగా జవాబిచ్చిందంటే, ఇంగ కూలి సంగతి చూడగూడదు, నీళ్ళు పోసి పండబెట్టాల."

సద్ది వేళ అయింది. నేను కలత పడింది అప్పుడే. పట్టాతో వేసిన పందిరి ఉంది. వారం కిందట పని మొదలైనచోట, నీళ్ళ బిందెల దగ్గర వేశారు. పని మాత్రం రోజూ ముందుకు జరిగి ఇప్పుడు చాలా దూరం వచ్చేసింది. ఉన్న కాసేపట్లో ఈ ఎండలో అంత దూరం పోయి రావడమెందుకని ఎవరికి దొరికిన నీడలో వాళ్ళు కూచోబోతున్నారు. దగ్గర్లో ఉన్న నీడ ఒక్కటే. కాలువను వెడల్పు చేయడానికి తవ్విన గట్టు, మనిషి ఎత్తు పైమాటే, నిలువుగా కోసినట్టు నిలబడి ఉంది. దాని కింద మూడడుగుల నీడ. చల్లగా, తడిమట్టి వాసనతో. నలుగురు అప్పటికే వీపులు ఆనించి కూచున్నారు, సద్ది మూటలు విప్పుతున్నారు.

పాలమూరు గట్టు చూసినప్పుడు నా మనసులో మెదిలిన ఊరు తీలేరు. నారాయణపేట జిల్లా మరికల్ మండలం. 2019 ఏప్రిల్ 10. ఇట్లాగే ఉపాధి పనికి వచ్చిన ఆడవాళ్ళు, ఇట్లాగే ఎండ తాళలేక మట్టిగడ్డ నీడన కూచున్నారు. గడ్డ విరిగి మీద పడింది. పదిమంది ఆడవాళ్ళు చనిపోయారు. మర్నాడు తెలంగాణలో లోక్‌సభ పోలింగు. ఓట్ల హడావిడిలో ఆ పది పేర్లు ఎంతమంది చదివారో! నేను చదివాను. ఒకటికి రెండుసార్లు చదివాను. వాళ్ళు చేసిన తప్పు నీడ కోరుకోవడం ఒక్కటే, అదీ ఒక తప్పంటే.

మేటును పక్కకు పిలిచి చెప్పాను. ఆ అమ్మాయి మొహం మారింది. ఒక్క అరుపు అరిచింది. అందరూ లేచి వచ్చారు, ఏమైందోనని. చెప్పడం నావల్ల కాదేమో అనుకున్నాను గానీ చెప్పాను. ఒక మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మట్టి ఒకటిన్నర టన్నుకు పైమాటే. నడుముల దాకా పడినా కాలు లాగలేం. రొమ్ముల దాకా పడితే, తల బయట ఉన్నా ఊపిరి ఆడదు, వదిలిన శ్వాసను మళ్ళీ పీల్చనివ్వదు. తవ్విన గట్టు నిలువుగా నిలబడింది కదా అని నమ్మకూడదు. రేగడి ఎండకు నెర్రెలిచ్చి లోపల్లోపలే విడిపోతుంది. పై అంచున గట్టుకు సమాంతరంగా పగులు కనిపిస్తే అది పడబోతున్నట్టే లెక్క.

"కింద తొలిస్తే పైది దాన్నంతట అదే పడతాది, కొలత తొందరగా వస్తాదని అట్ల తవ్వుతాం" అంది ఒకామె తలొంచుకుని. ఆమెనేం అనగలం? కూలి కొలతను బట్టి. కొలత తొందర పెడుతుంది, తొందర గట్టు అడుగును తొలిపిస్తుంది. మెట్లు మెట్లుగా పైనుంచి దింపుకుంటూ తవ్వితే గట్టు నిలుస్తుంది, కానీ ఎక్కువసేపు పడుతుంది. ఆ ఎక్కువ సేపుకు కూడా కూలి కట్టేటట్టు లెక్కలు మారితే తప్ప, జాగ్రత్తగా తవ్వమని వీళ్ళకు చెప్పడం న్యాయం కాదు.

ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూలులో ఇవన్నీ ఉండేవి. పని దగ్గర మంచినీళ్ళు, పిల్లలకూ విశ్రాంతికీ నీడ, చికిత్స పెట్టె. ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు వస్తే చూసుకునేందుకు ఒకామె. పనిలో దెబ్బ తగిలితే ఉచిత వైద్యం, ఆసుపత్రిలో చేరితే కూలిలో సగానికి తగ్గకుండా రోజు భత్యం. చివరి రెండింటి సంగతి అక్కడున్న నలభై మందిలో ఇద్దరు ముగ్గురికి తప్ప తెలియదు. నాయన కన్ను పోయినప్పుడు మాకూ తెలియదు, అడగడానికి మాకొక చట్టం ఉందో లేదో.

మా చెల్లెలు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటుంది. వాళ్ళ ఇంటి ముందు గడ్డి కోసేవాళ్ళు మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. ఆ రాష్ట్రం 2005లో బయట ఎండలో పనిచేసేవాళ్ళ కోసం ప్రత్యేకంగా నియమం పెట్టింది, పొలాల్లో కూలీలు వడదెబ్బకు చనిపోయిన తరువాత. వేడి 27 డిగ్రీలు దాటితే నీడ ఉండి తీరాలి. 35 దాటితే ఇంకా గట్టి జాగ్రత్తలు. పొలం పని, ఇళ్ళ కట్టుబడితో పాటు తోటపని పేరు కూడా ఆ గట్టి జాగ్రత్తల వరుసలో విడిగా రాసి ఉంది. నాకు నచ్చింది అంకె కాదు. నీడ పని జరిగే చోటికి వీలైనంత దగ్గర ఉండాలని అందులో రాశారు. మన పట్టా పందిరి ఉంది, కాగితంలోనూ ఉంది, నేల మీదా ఉంది. పని మాత్రం దాన్ని దాటి వెళ్ళిపోయింది. ఎవరో దుర్మార్గులై చేసింది కాదు. పని రోజుకు ఇంత దూరం నడుస్తుందనీ, నీడ కూడా దానితో నడవాలనీ ఎవరూ అనుకోలేదు, అంతే. తీలేరులోనూ మనుషులకు దగ్గరగా ఉన్నది మట్టి నీడే.

మేటు నలుగురు మగవాళ్ళను పందిరి కట్టెలు పీక్కురమ్మని పంపింది. గట్టి నేల, గుంతలు పడడానికి టైం పడుతుంది, రేపటికి వేద్దాం అన్నారు వాళ్ళు. ఈలోపు? కాలువ గట్టుకు ఇరవై అడుగుల అవతల, చదును నేల మీద, ఒక పెద్ద కంపచెట్టు ఉంది. మొదలు మనిషి తొడంత. ఆ రోజు కొట్టాల్సిన వరుసలో అది కూడా ఉంది.

"దాన్ని ఆఖరి రోజు కొడదాం" అంది మేటు.

"కొలతలకు వచ్చే సార్లు అడిగితేనో?" ఎవరో అడిగారు.

"నేను చెప్తాలే."

అవ్వ మాట్లాడకుండా మచ్చుకత్తి తీసుకుంది. వంగిన కింది కొమ్మలను ఒక్కొక్కటిగా కొట్టి, పంగలకర్రతో దూరంగా లాగేసింది. తల తగలకుండా మనిషి ఎత్తు దాకా ఖాళీ చేసింది. అత్త నెత్తి మీది అద్దాలు తీసి అవ్వ కళ్ళకు తగిలించింది, పైకి చూసి కొట్టేటప్పుడు కంట్లో పొట్టు రాలుతుందని. అవ్వ వాటిని తీయలేదు. ఇద్దరు పిల్లలు చెట్టు కింది రాళ్ళను చేత్తో కాక కట్టెతో తిప్పారు. ఒక రాయి కింద తేలుంది. దాన్ని కట్టె కొసతో దూరంగా తోశారు. ముల్లు గుచ్చుకున్న పిల్ల కాలు ఎత్తి పట్టుకుని పక్కన నిలబడి చూస్తోంది. అవ్వ నాలుగు కానుగ రెమ్మలు కట్టకట్టి చీపురు చేసింది. నేల మీద రాలిన ముండ్లను వంగి, వెనక్కి నడుచుకుంటూ, అంగుళం వదలకుండా ఊడ్చింది. ఎండు ముల్లు మట్టి రంగులో ఉంటుంది, కంటికి కనపడదు. అరచేత్తో నేలను మెల్లగా తడిమి చూసుకుంది. రెండు దొరికాయి. వాటిని కూడా ఏరి పారేసింది.

తరువాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూచుని, అద్దాలు నుదుటి మీదికి జరుపుకుని నన్ను పిలిచింది.

"రా పాపా, కూచో. ముండ్లు ఊడ్చినా."